ఊక మనదే కదా, ఇంకా పొదుపు దేనికి? మిల్లులు, ఫ్యాక్టరీలు నడిపేవాళ్ళు చెప్పండి

#1 · మూడోతరం_మిల్లు (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. మాది ఉప్పుడు బియ్యం మిల్లు. తాత పెట్టాడు, నాయిన నడుపుతున్నాడు. నేను బీటెక్ అయ్యాక రెండేళ్ళుగా లెక్కలు చూస్తున్నా. రోజుకి వంద టన్నుల దాకా వడ్లు ఆడతాం. బాయిలర్‌కి ఊకే. కరెంటు హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్.

పోయిన నెల ఒక సోలార్ కంపెనీ ఆయన వచ్చి, మిల్లు కప్పు మొత్తం ప్యానెళ్ళు పెడితే "గ్రీన్ మిల్లు" అయిపోతుంది, లాభం పెరుగుతుంది అని గంటన్నర చెప్పాడు. నాయిన టీ తాగించి పంపించాడు. తర్వాత నాతో అన్న మాట: "పర్యావరణం అంటే ఖర్చురా. పొల్యూషన్ బోర్డు వాళ్ళు నోటీసు ఇచ్చిననాడు చూద్దాం."

నేను నెట్‌లో చదివినవన్నీ దీనికి ఎదురు చెప్తున్నాయి. పచ్చగా నడిపితే లాభం ఎక్కువట. నిజంగా మీలో ఎవరికైనా వచ్చిందా? రూపాయల్లో చెప్పండి. ఉపన్యాసం వద్దు, నాయిన దగ్గర నడవదు.

#2 · లెక్కల_పంతులు (గుంటూరు)

బాబూ, నేను సీఏని. మీలాంటి మిల్లులవి, కోల్డ్ స్టోరేజీలవి పుస్తకాలు చూస్తుంటాను. ఒక మాట ముందే చెప్తా. ఇలాంటి కథలు లాభం వచ్చినవాళ్ళే చెప్తారు. డబ్బు పోగొట్టుకున్నవాడు వ్యాసం రాయడు.

మీ మిల్లు ఏడాదికి ఎన్ని రోజులు నడుస్తుంది? సూర్యుడు 365 రోజులూ వస్తాడు, వడ్లు రావు. మిల్లు ఆగిన నెలల్లో ప్యానెళ్ళ కరెంటు ఎక్కడికి పోతుంది, డిస్కం ఏ రేటుకి తీసుకుంటుంది, అప్పు మీద వడ్డీ ఎంత? ఈ మూడూ కాగితం మీద పెట్టకుండా సంతకం చేయొద్దు. కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయన్నది సరైన అంచనాయే, కాదనను. ఆ నాలుగు యూనిట్లు మీ మిల్లు వాడుకుంటుందా అన్నదే ప్రశ్న.

#3 · స్పానర్_బాబాయ్ (హైదరాబాద్)

పంతులుగారూ బాగా అడిగారు. నేను ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చేసి, రిటైరయ్యాక ఎనర్జీ ఆడిట్లు చేస్తున్నాను. నాకు ఎదురైన మిల్లుల్లో సగం మంది సోలార్ గురించే మొదలెడతారు. చిల్లు కుండలో నీళ్ళు నింపడానికి కొత్త బావి తవ్వినట్టు ఉంటుంది.

బాబూ, సోలార్ పక్కన పెట్టు. నేనడిగినవాటికి చూసి వచ్చి చెప్పు.

రంగు తేడా గింజలు ఏరే మిషను, నీ సార్టెక్స్‌కి గాలి ఇచ్చే కంప్రెసర్ ఎంత హెచ్‌పీ? మిల్లు ఆగినప్పుడు కూడా అది ఉండుండి మొదలవుతోందా?

డ్రయర్ రేడియేటర్ల నుంచి వచ్చే వేడి నీళ్ళు, అంటే ఆవిరి చల్లారి మళ్ళీ నీళ్ళైనవి, ఎక్కడికి పోతున్నాయి?

బాయిలర్ బూడిద ఏ రంగులో ఉంది?

బిల్లు మీద కేవీఏహెచ్ అంకె (లైను నుంచి లాగిన మొత్తం), కేడబ్ల్యూహెచ్ అంకె (అందులో నిజంగా పనికొచ్చింది) రెండూ ఇక్కడ పెట్టు.

#4 · మూడోతరం_మిల్లు

బాబాయ్, ఇప్పుడే తిరిగి చూసి వచ్చా.

కంప్రెసర్ 20 హెచ్‌పీ. రాత్రి మిల్లు ఆపాక కూడా ఆన్‌లోనే ఉంటుంది, ఎవరూ ఆపరు. "ట్యాంకులో గాలి ఉండాలి" అంటాడు ఆపరేటర్.

వేడి నీళ్ళు కాలవలోకి. పొగలు కక్కుతూ పోతాయి. చలికాలం పొద్దున హమాలీలు ఆ కాలవ పక్కన కూర్చుని చేతులు కాపుకుంటారు, అక్కడే బీడీలు, ముచ్చట్లు.

బూడిద నల్లగా ఉంది.

బిల్లులో కేవీఏహెచ్ ఎక్కువ, కేడబ్ల్యూహెచ్ తక్కువ. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.91 వచ్చింది.

కానీ బాబాయ్, ఊక మా వడ్లదే కదా. ఊరికే వచ్చేదాంట్లో పొదుపు చేస్తే ఏమొస్తుంది? నాయిన ప్రశ్న కూడా ఇదే.

#5 · స్పానర్_బాబాయ్

మీ నాయినగారి ప్రశ్నకే ముందు జవాబు. వంద టన్నుల వడ్లకి ఇరవై టన్నుల ఊక వస్తుంది. మీ బాయిలర్ ఎంత తింటోంది? మిగిలింది అమ్ముతున్నారా లేదా? అమ్ముతుంటే ఊక ఊరికే రావడం లేదు. ఇటుక బట్టీవాడు, బయోమాస్ బాయిలర్ ఉన్న ఫ్యాక్టరీవాడు ఇచ్చే రేటే మీరు కాల్చే ప్రతి కిలోకీ రేటు. నేను చిన్నప్పుడు మిల్లుల వెనక ఊక గుట్టలకి నిప్పు పెట్టి వదిలేసేవాళ్ళు. ఆ కాలం లెక్క మీ నాయినగారి మనసులో ఇంకా ఉంది, అంతే.

ఇక వేడి నీళ్ళు. బాయిలర్‌లోకి పోసే నీళ్ళు ప్రతి 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం సుమారు 1 శాతం తగ్గుతుంది. బాయిలర్ వాళ్ళందరూ వాడే మోటు లెక్క ఇది. నానబెట్టే ట్యాంకులోకి, వడ్లలోకి నేరుగా కొట్టే ఆవిరి తిరిగి రాదు. డ్రయర్ వైపు నీళ్ళు మాత్రం తిరిగొస్తాయి. సగం నీళ్ళు 90 డిగ్రీల దగ్గర వచ్చి, మిగతా సగం బోరు నీళ్ళు 30 డిగ్రీలు అనుకో. రెండూ కలిస్తే 60. అంటే 30 డిగ్రీలు పెరిగింది, 5 శాతం ఊక మిగిలింది. పైగా ఆ నీళ్ళు స్వచ్ఛమైనవి, గొట్టాల్లో గార కట్టదు, బోరు మోటారు తక్కువ తిరుగుతుంది, నీళ్ళ గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్‌కి ఉప్పు తక్కువ పడుతుంది.

ఒక జాగ్రత్త. నీళ్ళు బాగా వేడెక్కితే ఫీడ్ పంపు రాళ్ళు నమిలినట్టు చప్పుడు చేస్తుంది, ఇంపెల్లర్ పోతుంది. ఫీడ్ ట్యాంకుని పంపుకన్నా బాగా ఎత్తులో పెట్టాలి. ఇది చెప్పకుండా పైపు వేసి వెళ్ళిపోయే కాంట్రాక్టర్లు ఉన్నారు. ఆర్నెల్లకి పంపు పాడై, ఓనరు "ఈ పొదుపులన్నీ వేస్టు" అని పైపు కోసేస్తాడు. రెండుసార్లు చూశా.

బూడిద నల్లగా ఉందంటే అందులో కాలని ఊక ఉంది. గాలి సరిగా అందడం లేదు, లేదా ఒకేసారి ఎక్కువ పోస్తున్నారు. బాగా కాలితే తెల్లగా, బూడిద రంగులో వస్తుంది.

#6 · గోదారి_చెరువులు (భీమవరం)

మిల్లు బాబుగారూ, మీ కంప్రెసర్ కథ మా ఏరియేటర్ల కథే అండి. రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఈ ఏరియేటర్లు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తిప్పేవాళ్ళం. తిరుగుతుంటే ధైర్యం మరి. తర్వాత నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూపే డీఓ మీటరు కొన్నాను. మధ్యాహ్నం ఎండలో నీళ్ళలో నాచు తనే ఆక్సిజన్ ఇస్తుందండి, మీటరు ముల్లు పైనే ఉంటుంది. పడిపోయేది తెల్లవారుజామున, మబ్బు పట్టిన రోజున. ఇప్పుడు మీటరు చూసే తిప్పుతున్నాను. కరెంటు సంగతి అలా ఉంచితే అసలు డబ్బు మేతలో ఉందండి. పది టన్నుల రొయ్యకి మేత నిష్పత్తి, అంటే కిలో రొయ్యకి పట్టే మేత, 1.5 నుంచి 1.2కి తెచ్చుకుంటే మూడు టన్నుల మేత మిగిలినట్టు. కిలో మేత ఎంతో మీకు తెలుసు. ఆ మూడు టన్నులు ఇదివరకు చెరువు అడుగున కుళ్ళి, అమ్మోనియా అయి, మళ్ళీ ఆ అమ్మోనియా తగ్గించడానికి నేనే మందులు కొనేవాణ్ణి. డబ్బిచ్చి రోగం, డబ్బిచ్చి వైద్యం.

మేత మిగిలిందో లేదో చూసే చెక్ ట్రే తీసి చూడ్డానికి బద్ధకించడమే మాలో చాలామంది నష్టం. వేరే టెక్నాలజీ ఏమీ లేదండి.

#7 · రియాక్టర్_పక్కన (పటాన్‌చెరు)

మాది బల్క్ డ్రగ్స్, అంటే మందుల ముడిసరుకు తయారీ. మా రంగంలో ఈ చర్చ ఎప్పుడో అయిపోయింది. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో "ఈ ఫ్యాక్టర్" అని ఒక లెక్క పెట్టాడు. ఒక కిలో సరుకు తయారుచేస్తే ఎన్ని కిలోల చెత్త పుడుతుంది అని. పెట్రోలు శుద్ధిలో 0.1 దాకా. మందుల తయారీలో 25 నుంచి 100 పైనే. అందులో ఎక్కువ భాగం సాల్వెంటు, అంటే రసాయనాలు కరిగించే ద్రవం. డబ్బిచ్చి కొన్నదే డ్రమ్ముల్లో బయటికి పోతుంది, పారబోయడానికి మళ్ళీ డబ్బు.

ఫైజర్ కంపెనీ సెర్ట్రలిన్ అనే మందు తయారీని మార్చుకుంది. మూడు దశల్ని ఒకటిగా కలిపి, ఇథనాల్‌లో చేసింది. టన్ను మందుకి సాల్వెంటు 60 వేల గ్యాలన్ల నుంచి 6 వేలకి వచ్చింది. 2002లో అమెరికా ప్రభుత్వం గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు ఇచ్చింది. అవార్డు సరే, కొనాల్సిన సాల్వెంటు పదో వంతుకి తగ్గింది చూడండి, అసలు సంగతి అది.

మా ప్లాంటులో అంత గొప్పగా ఏమీ చేయలేదు. కండెన్సర్‌కి చల్లటి నీళ్ళు సరిగా పెట్టి, గాలిలోకి పోయే ఆవిరిని పట్టి, డిస్టిలేషన్ కాలమ్ ఒకటి బాగుచేసుకున్నాం. మాకు సాల్వెంటు బిల్లు చూసే అకౌంటెంటే అందరికన్నా పెద్ద పర్యావరణవాది ఇప్పుడు.

ఇదే ఊళ్ళో ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసి నక్కవాగు ఏమైందో కూడా మర్చిపోవద్దు. కేసు 1990లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ వాగులోకి పోయిందాంట్లో ఎంతో సరుకు ఎవరో ఒకరు డబ్బిచ్చి కొన్నదే.

#8 · లెక్కల_పంతులు

రియాక్టర్‌గారూ, మీ రంగంలో సాల్వెంటు ఖరీదైంది కాబట్టి గిట్టింది. చవకైన నీళ్ళని శుద్ధి చేస్తే ఎవరికి గిట్టింది? ఎవరైనా చెప్పండి చూద్దాం. మిల్లు బాబుకి నానబెట్టిన నీళ్ళ సమస్య కూడా ఉంది కదా. టన్ను వడ్లకి వెయ్యి లీటర్ల పైనే, వాసన కొట్టే నీళ్ళు. దాన్ని శుద్ధి చేస్తే లాభం ఎక్కడ?

#9 · రంగునీళ్ళు (తిరుప్పూర్)

పంతులుగారి ప్రశ్నకి నేను జవాబు చెప్పాలి. మాది చిత్తూరు జిల్లా, ఇరవై ఏళ్ళుగా ఇక్కడ డైయింగ్ యూనిట్‌లో ఉన్నాను.

సూటిగా చెప్తున్నా, మాకు గిట్టలేదు. గిట్టుతుందని ఎవరూ చేయలేదు కూడా. నొయ్యల్ నదిలోకి రంగునీళ్ళు వదిలాం. ఒరత్తుపాళయం దగ్గర డ్యాం కట్టింది రైతుల కోసం. చివరికి ఆ నీళ్ళు వదలొద్దని రైతులే మొత్తుకున్నారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు డైయింగ్ యూనిట్లన్నీ మూయించింది. ఏడు వందలకు పైగా. పనివాళ్ళు బస్సెక్కి సొంత ఊళ్ళకి పోయారు. బట్ట వేరే ఊళ్ళకి పంపి రంగు వేయించుకున్నవాళ్ళకి అది రవాణా ఖర్చు, ఆలస్యం.

తర్వాత చుక్క నీళ్ళు బయటికి పోకుండా శుద్ధి చేసే ప్లాంట్లు కట్టుకున్నాం. ఆర్ఓ వేసి, మిగిలిన ఉప్పు నీళ్ళని మరిగించి ఆవిరి చేయాలి. ఆ మరిగించడమే ప్రాణం తీస్తుంది, ఎంత కరెంటు, ఎంత కట్టె! నీళ్ళలో 90 శాతం పైన తిరిగి వాడుకుంటాం, ఉప్పు తిరిగి వస్తుంది, ఉప్పు నీళ్ళనే రంగు తొట్టెలోకి మళ్ళీ వాడే పద్ధతి వచ్చాక కాస్త ఊపిరాడింది. అయినా ఇలా మిగిలేది ప్లాంటు ఖర్చుని దాటదు.

మరి లాభం లేదా అంటే, ఉంది, కానీ లెక్క వేరు. ఆ ప్లాంటు లేనివాడు ఈరోజు షట్టరు తీయలేడు. బయటి దేశం కొనుగోలుదారు వచ్చినప్పుడు మొదట ఆ ప్లాంటు చూపించమంటాడు. 2011లో మూతపడ్డ నెలల్లో పోయిన డబ్బుని ఎవరూ లెక్కలో రాయరు. ముందే కట్టుకుని ఉంటే అది మిగిలేది.

#10 · లెక్కల_పంతులు

ఇది నిజాయితీగా చెప్పిన మాట. ఒప్పుకుంటున్నా. ఇలాంటిదాన్ని లాభంగా రాయకూడదు, షాపు తెరిచి ఉంచడానికయ్యే ఖర్చుగా రాయాలి. రెండూ కలిపి "పచ్చదనం అంటే లాభం" అంటేనే నాకు చిరాకు.

#11 · పీచ్‌ట్రీ_రోడ్డు (అట్లాంటా)

మా ఊళ్ళో ఇంటర్‌ఫేస్ అని కార్పెట్ టైల్స్ కంపెనీ ఉంది. దాన్ని పెట్టిన రే ఆండర్సన్‌ని 1994లో కస్టమర్లు "మీరు పర్యావరణానికి ఏం చేస్తున్నారు" అని అడగడం మొదలెట్టారు. ఆయన దగ్గర జవాబు లేదు. అక్కణ్ణుంచి చెత్త తగ్గించడం మీద పడ్డాడు. పెట్రోలియం నూలు తప్ప గతిలేని వ్యాపారం అది. అయినా వృథా తగ్గించడం వల్ల 40 కోట్ల డాలర్లకి పైగా మిగిలిందని తర్వాత ఆయనే బయట చెప్పాడు. కస్టమర్‌కి పనికిరాని ఖర్చు ఏదైనా "వృథా" కిందే లెక్క కట్టించాడు. 

#12 · లెక్కల_పంతులు

యజమాని సొంత లెక్క కదా, సగం తీసేసి వింటాను. కానీ "వృథా" అని విడిగా లెక్క కట్టే ఆలోచన బాగుంది. లెక్కలు రాసే మన టాలీ సాఫ్ట్‌వేర్‌లో కూడా అలాంటి ఖాతా పెట్టొచ్చు.

#13 · గ్రీన్_సన్_డీల్స్

[ఈ పోస్టు తొలగించబడింది. చర్చలో ప్రకటనలు, ఫోన్ నంబర్లు వద్దు. – నిర్వాహకులు]

#14 · బెజవాడ_టిఫిన్స్ (విజయవాడ)

చిన్న హోటలు నాది. నేను ఇంజనీర్ని కాదు, ఒక పని చెప్తా. ప్లేట్లలో మిగిలింది వేసే బకెట్‌ని రోజూ తూకం వేశాం, వారం రోజులు. సాంబారు కాదు, చట్నీ కాదు, అన్నం! ఫుల్ మీల్స్‌లో మొదటి వడ్డన పెద్ద గరిటెతో వేసేవాడు మా సర్వరు. ప్రేమ. గరిటె చిన్నది ఇచ్చి, "ఇంకా వేయమంటారా" అని అడగమన్నాం. ఎవరూ ఏమీ అనలేదు, బకెట్ తేలికైంది, బియ్యం మూట ఎక్కువ రోజులు వస్తోంది. మూడోతరం తమ్ముడూ, మీ బియ్యమే తగ్గించాం, కోపం తెచ్చుకోకు.

#15 · మూడోతరం_మిల్లు

లేదన్నా, హహ. పంతులుగారూ, మొత్తం చదివాక సోలార్ వదిలేయాలా?

#16 · లెక్కల_పంతులు

వదిలేయమనలేదు. సోలార్ మీద మొదటి ఏడు 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు, ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. పన్ను కట్టే లాభం ఉంటే అది మంచి లెక్కే. ముందు వాడకం తగ్గించు, తర్వాత ఆ తగ్గిన వాడకానికి సరిపడా ప్యానెళ్ళు పెట్టు. కప్పు సైజుని బట్టి పెట్టొద్దు.

#17 · స్పానర్_బాబాయ్

పంతులుగారి మాటకి ఒకటి కలుపుతా. మిల్లు కప్పు మీద ప్యానెలంటే ఊక దుమ్ము, చిమ్నీ బూడిద. వారానికి రెండుసార్లు కడగాలి. అమ్మేవాడు ఈ మాట చెప్పడు.

నువ్వు భాగించి చెప్పిన 0.91నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. మన దగ్గర హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ మీదే కదా, 0.99కి తెచ్చుకుంటే యూనిట్ల బిల్లు ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. దాన్ని పెంచే కెపాసిటర్లు ప్యానెల్లో ఎన్ని బతికున్నాయో చూడు. సగం ఉబ్బిపోయి ఉంటాయి, పందెం.

డ్రయర్ బ్లోయర్, బాయిలర్ పొగ లాగే ఐడీ ఫ్యాన్‌ల గాలిని డ్యాంపరు (గాలి దారికి అడ్డు పెట్టే రేకు) మూసి తగ్గిస్తున్నారా? అది యాక్సిలరేటరు తొక్కుతూ బ్రేకు వేయడం. మోటారు స్పీడు మార్చే వీఎఫ్‌డీ పెట్టి స్పీడు 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగమవుతుంది. స్పీడుకి ఘనం లెక్కన పడిపోతుంది కాబట్టి.

మోటార్లు మాత్రం అన్నీ ఒకేసారి మార్చకు. 20 హెచ్‌పీ పాత మోటారు తీసేసి కరెంటు తక్కువ తాగే ఐఈ3 రకం పెడితే, రోజుకి 16 గంటలు, 200 రోజులు తిరిగినా మిగిలేది రెండు వేల యూనిట్ల చిల్లర. బాగున్నదాన్ని తీసేస్తే ఆ డబ్బు రావడానికి ఏళ్ళు పడుతుంది. కాలిపోయినప్పుడు రివైండింగ్‌కి పంపకుండా అప్పుడు మార్చు.

ఆదివారం మిల్లు ఆపి కంప్రెసర్ ఒక్కటే నడుపు. గాలి లైన్ల వాల్వులన్నీ తెరిచే ఉంచు, ఏ మిషనూ గాలి వాడకూడదు. ఎంతసేపు లోడ్ అవుతోంది, ఎంతసేపు ఖాళీగా తిరుగుతోంది, ఫోన్‌లో టైము రాసుకో.

#18 · మూడోతరం_మిల్లు

ఆదివారం చేశాం. ఐదు సార్లు చూసి సగటు తీశా. లోడ్ నిమిషంన్నర, ఖాళీ మూడున్నర నిమిషాలు. ఐదింట ఒకటిన్నర, అంటే 30 శాతం గాలి లీకే!

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, సబ్బు నీళ్ళు పట్టాయి. సార్టెక్స్ వెనక పైపు జాయింట్లు, ఒక పాత డ్రైన్ వాల్వు, ఇంకా ఎవరూ వాడని లైను ఒకటి, రెండేళ్ళ కింద తీసేసిన మిషనుది. ఆ లైను చివర గుడ్డ చుట్టి ఉంది. ఎవరు చుట్టారో ఎవరికీ తెలియదు, అంటే అందరికీ తెలుసు.

నాయిన మొదట నవ్వాడు. కంప్రెసర్ మీద చేయి వేసి "ఇన్నాళ్ళూ ఊరికి గాలి పోశామా" అన్నాడు. కెపాసిటర్ పందెం బాబాయ్ గెలిచాడు, తొమ్మిదింట్లో ఐదు పోయాయి.

#19 · గోదారి_చెరువులు

ఇప్పుడు మీ నాయినగారు లైన్లోకి వచ్చారండి. ఇక మీరు ఆపమన్నా ఆగరు.

#20 · మూడోతరం_మిల్లు (సీజను మధ్యలో)

చాలా రోజులైంది, చెప్పి పోదామని వచ్చా.

వేడి నీళ్ళ లైను పూర్తయింది. ఫీడ్ ట్యాంకు ఎత్తు మీద పెట్టాం, పంపు చప్పుడు లేదు. మా బాయిలర్ రోజుకి పన్నెండు టన్నుల చిల్లర తినేది. ఇప్పుడు రోజుకి సుమారు ఎనిమిది వందల కిలోలు తక్కువ తింటోంది. అందులో వేడి నీళ్ళ వాటా ఎంత, గాలి సరిచేసి బూడిద రంగు మార్చినందుకు ఎంత అంటే విడదీయలేను. ఊక లారీవాడు ఫోన్ చేసి "ఏంది సేటూ, ఎక్కువైందే" అన్నాడట.

రంగు మారిన బూడిదని కూడా ఒకాయన తీసుకుపోతున్నాడు, స్టీలు ప్లాంట్లకి అమ్ముతాడట, కరిగిన ఉక్కు మీద వేడి పోకుండా కప్పడానికి. పెద్ద డబ్బేం కాదు. రోడ్డు పక్కన పోయడం మాత్రం ఆగింది, పక్క పొలం రైతుతో గొడవా ఆగింది.

నానబెట్టిన నీళ్ళ శుద్ధి ఇంకా మొదలుపెట్టలేదు. తిరుప్పూర్ అన్న రాసింది నాయినకి చదివి వినిపించా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొటేషన్లు తెప్పించమన్నాడు. గిట్టదని తెలిసే అన్నాడు.

ఒక కొత్త తలనొప్పి. కాలవ చల్లబడిందని హమాలీలు అలిగారు. పొద్దున్నే వచ్చి "సేటూ, మా నీళ్ళు ఏవి" అని అడిగారు. నాయిన ట్యాంకు దగ్గర నుంచి వాళ్ళకోసం ఒక నల్లా వేయించాడు.

#21 · స్పానర్_బాబాయ్

నల్లా సరే బాబూ. చల్లనీళ్ళు కలిపే ఏర్పాటు పెట్టు, చేతులు కాలతాయి. వాషరు మాత్రం మంచిది వేయించు.